తూర్పు ముఖం బస్‌షెల్టరు

మా కాలనీ బస్‌షెల్టరు పడగొట్టేశారని తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే నాకు ముందు నవ్వొచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట, పొక్లెయిను ఒక్క తోపు తోసేసరికి కూలిపోయిందట. "నవ్వుతావేటే అక్కా?" అన్నాడు వాడు. నవ్వక ఏం చేయను? నర్సీపట్నం నుంచి చింతపల్లి కొండల వైపు పోయే దారిలో అలాంటి వింత ఇంకోటి లేదు. మా కాలనీ రోడ్డుకి తూర్పు పక్కన ఉండేది. టౌనుకి వెళ్లే బస్సు కూడా తూర్పు పక్కనే ఆగేది. షెల్టరు మాత్రం పడమటి పక్కన ఉండేది. అంటే మేమందరం ఇళ్లలోంచి వచ్చి, రోడ్డు దాటి వెళ్లి షెల్టరులో కూర్చుని, బస్సు కనపడగానే లేచి, మళ్లీ రోడ్డు దాటి ఇవతలికి పరిగెత్తుకొచ్చి ఎక్కేవాళ్లం. ఏడాది పైనే ఇలా చేశాం. టీచర్లు, నర్సులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, బుద్ధీ జ్ఞానం ఉన్నవాళ్లందరూ చేశారు. దీనికంతటికీ కారకులు మా నాన్నగారు. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. ఆ షెల్టరు వల్ల మా మేనత్త నర్సత్త ఉద్యోగం పోవలసింది. అది పోకుండా ఎలా నిలిచిందో రాయాలని అప్పుడే అనిపించింది.

మా నాన్నగారు అక్కడ ఇల్లు కట్టేటప్పటికి అది కాలనీ కాదు, జీడితోట. తోట యజమాని చెట్లు కొట్టించి, సున్నం పూసిన రాళ్లు పాతించి ప్లాట్లు వేశాడు. ఎస్. రాయవరం వైపు పొలాలున్న రైతులు పిల్లల చదువుల కోసమూ, ఏజెన్సీలో ఉద్యోగాలు చేసేవాళ్లు టౌనుకి దగ్గరగా ఉంటుందనీ కొనుక్కున్నారు. మొదట నాలుగే ఇళ్లు. వీధులకి పేర్లు లేవు, ఇళ్లకి నంబర్లు లేవు. మా ఇంటికి ఎవరైనా రావాలంటే "చేతిపంపు దగ్గర రిక్షా దిగి, కొట్టకుండా వదిలేసిన ఒంటి జీడిచెట్టు వైపు నడవండి, కుక్క మొరిగితే అది మా వీధే" అని చెప్పేవాళ్లం. తర్వాత నీళ్ల టాంకు వచ్చింది. అందులోకి నీళ్లు రావడానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది కానీ, అడ్రసు చెప్పడానికి మాత్రం కట్టిన రోజు నుంచీ పనికొచ్చింది. ఆ తర్వాత పసుపు బోర్డుతో ఫోను బూత్ వచ్చింది. అప్పటినుంచి మా కాలనీకి టౌనులో కాస్త మర్యాద పెరిగింది. వేసవిలో మిగిలిన జీడిచెట్ల కింద పళ్లు రాలి కుళ్లి, పులుపూ తీపీ కలిసిన వాసన ఇళ్లలోకి వచ్చేసేది. చలికాలంలో బెల్లం వండే వాసన, పొలాల మీంచి. నేను ఇంటర్ పుస్తకాలు చదివింది ఈ రెండు వాసనల మధ్యనే.

నాన్నగారు రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం అదే గానీ ఆయన ప్రాణమంతా వాస్తులో ఉండేది. చొక్కా జేబులో ఇత్తడి డబ్బీలో దిక్సూచి పెట్టుకుని తిరిగేవారు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు దాన్ని గుమ్మంలో పెట్టి ముల్లు ఎటు తిరిగిందో చూసిన తర్వాతే కాళ్లు కడుక్కునేవారు. కాలనీలో శంకుస్థాపన జరిగిన ప్రతి ఇంటికీ ఆయనే దిక్కులు చూసి పెట్టారు. పైసా ముట్టుకునేవారు కాదు, కాఫీ ఇస్తే తాగేవారు. మా ఇంట్లో వంటగది మూడుసార్లు మారింది. మూడోసారి మారినప్పుడు అమ్మ కిరసనాయిలు స్టవ్వు చేత్తో పట్టుకుని నడవలో నిలబడి, "ఎక్కడెట్టమంటారో బేగి సెప్పండి, చెయ్యి కాల్తంది" అంది. ఆయన కోప్పడలేదు. ఆమె నిలబడ్డ చోటే ఆగ్నేయం అని తేల్చారు. పొద్దున్నే మా ఇంట్లో స్టవ్వు వత్తి వాసన, ఉప్మా పోపు, వాటితోపాటు నర్సత్త టైపు మిషను చప్పుడు. నర్సత్త నాన్నగారి ఆఖరి చెల్లెలు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడి పొట్టిదైంది. మోకాలి మీద చెయ్యి ఆన్చి నడిచేది. నోరు మాత్రం మహా చురుకు. మూసేస్తున్న టైపు ఇన్‌స్టిట్యూటు నుంచి పాత మిషను ఒకటి తెచ్చుకుని, ఇంట్లో ఉన్న పాత న్యూస్‌పేపర్లన్నీ చూసి టైపు చేసేది. చేయడానికి ఏమీ లేకపోతే అమ్మ చెప్పే వంటలు టైపు చేసేది. పనసపొట్టు కూర మా ఇంట్లో మూడు కాపీలు ఉండేది.

కాలనీ దగ్గర బస్సు ఆపించాలని పెద్దవాళ్లు వెళ్లి అడిగితే, డిపోలో ఒకాయన "జనం నిలబడ్డానికి నీడంటూ ఒకటి కట్టుకోండి, ఆపిస్తాం" అన్నాడట. ఇంకేముంది, ఒకరు ఇటుకలిచ్చారు, ఒకరు సిమెంటిచ్చారు, ఒకరి బావమరిది రేకులు తెచ్చాడు. చోటు చూపించమని నాన్నగారిని పిలిచారు. ఆయన దిక్సూచి రోడ్డు మీద పెట్టి, రెండు పక్కలా నడిచి, పడమటి పక్కన కర్ర పాతారు. తాపీమేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "బాబూ, టౌనుకెల్లే బస్సు ఆ పక్కన కదండీ ఆగుతాది?" అన్నాడు. "ఆ పక్కన కడితే షెల్టరు పడమట చూస్తాదిరా. పొద్దున్నే పని మీద బయల్దేరే మనిషి తూర్పు ముఖంగా కూకోవాల. బస్సుదేముంది, ఆపితే ఆగుతాది, నాలుగడుగులేస్తే ఎక్కుతాం" అన్నారు నాన్నగారు. ఆయన మాట కాదనే మనిషి కాలనీలో లేడు. అందరి గుమ్మాలూ ఆయన పెట్టినవే కదా. పది రోజుల్లో షెల్టరు లేచింది. కొబ్బరికాయ కొట్టారు, పులిహోర పంచారు. నాన్నగారు మధ్యలో కూర్చుని తూర్పుకేసి చూస్తూ కాసేపు కళ్లు మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి మేము పదిహేనుమందిమి షెల్టరులో కూర్చున్నాం. తూర్పు ముఖం కాబట్టి ఎండ తిన్నగా కళ్లలో కొట్టింది. ఒక్కొక్కళ్లుగా లేచి షెల్టరు వెనక్కి పోయి గోడ నీడలో నిలబడ్డాం. వెనక నిలబడితే రోడ్డు కనపడదు. రోడ్డు మీద నుంచి చూస్తే మేమూ కనపడం. చింతపల్లి నుంచి వస్తున్న డ్రైవరు తన పక్కన ఎవరూ లేరని హాయిగా వెళ్లిపోయాడు. ఆ రోజు అందరం నడిచే వెళ్లాం, నవ్వుకుంటూ. సాయంత్రం నాన్నగారు వీధిలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లని "ఎలాగుందర్రా షెల్టరు?" అని అడిగారు. "బెమ్మాండంగా ఉందండీ" అన్నారు అందరూ. ఒక్కరికీ నోరు రాలేదు. ఆయన సైకిలు మీద ఆఫీసుకి వెళ్తారు, అదీ బస్సు పోయిన అరగంటకి. ఆయనకి తెలిసే దారి లేదు. ఆయన నొచ్చుకుంటారని కాలనీ అంతా ఒక పద్ధతి పెట్టుకుంది. రోజుకొకరు వంతు వేసుకుని గోడ మూల మీంచి తొంగి చూడాలి, బస్సు మలుపు తిరగగానే "వస్తందర్రోయ్!" అని కేక పెట్టాలి. చీరలు ఎత్తి పట్టుకుని, టిఫిను క్యారేజీలు గుండెకి హత్తుకుని, అందరూ రోడ్డుకి అడ్డంగా పరుగో పరుగు. తూర్పు పక్కన ముందే వెళ్లి నిలబడితే ఏ గొడవా ఉండదని అందరికీ తెలుసు. కానీ ఆయన కట్టించినదాన్ని కాదని అవతల నిలబడడం ఆయన మొహం మీద అన్నట్టే అవుతుంది. అందుకని పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే మర్యాద కోసం ఇంత కష్టపడ్డ ఊరు ఇంకోటి ఉందా అనిపిస్తుంది.

ఆ షెల్టరు వల్ల సుఖపడింది ఒక్క నూకాలు. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. రెండు బస్సులు మారి మా దగ్గరకి ఎండుచేపలు తెచ్చి అమ్మేది. టౌను నుంచి కొండలకి పోయే బస్సు పడమటి పక్కనే ఆగుతుంది కాబట్టి, సరిగ్గా షెల్టరు ముందు దిగి, గంప దింపుకుని, అక్కడే దుకాణం పెట్టేది. "మీ నాన్నగారు నాకోసవే కట్టించినారు గుంటా" అని నాతో అనేది, ఆమెకి ఆడపిల్లలందరం గుంటలమే. ఎండు నెత్తళ్ల వాసనకి షెల్టరులో పిల్లులు కాపురం పెట్టాయి.

అలా నడుస్తుండగా నర్సత్తకి ఉద్యోగం వచ్చింది. కోర్టు దగ్గర ఒక ప్లీడరుగారికి టైపిస్టు కావాలి. నాన్నగారికి ఇష్టం లేదు. "నీకేటి తక్కువైంది నర్సా? నేను పెట్టట్లేదేటి?" అన్నారు. "పెడతన్నావు అన్నయ్యా. పెడతన్నావు గాబట్టే ఎల్తానంటన్నాను" అంది అత్త. నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. మూడు పదులు దగ్గరపడుతున్న మనిషి, వదిన కొన్న చీరే కట్టుకుని, అన్నయ్య తెచ్చిన చెప్పులే వేసుకునే మనిషి ఎందుకలా అంటుందో తర్వాత నేనూ సంపాదించుకోవడం మొదలుపెట్టాక తెలిసింది. ప్లీడరుగారు ఒకటే షరతు పెట్టారట. కోర్టు టైముకి ముందే కాగితాలు సిద్ధంగా ఉండాలి, నెల్లాళ్లు చూస్తాను, ఆలస్యమైతే మాత్రం ఇంకొకరిని పెట్టుకుంటాను అని.

కేక వినపడగానే అందరూ పరిగెత్తగలరు, అత్త పరిగెత్తలేదు. మేము ముందు వెళ్లి బస్సుని ఆపి ఉంచేవాళ్లం. మంచి డ్రైవరైతే ఆగేవాడు. "అందరూ ఎక్కేసినారు కదేటి" అని విసుక్కునేవాడైతే అత్త రోడ్డు మధ్యలో ఉండగానే కదిలించేసేవాడు. మొదటి పది రోజుల్లో అలా రెండుసార్లు బస్సు తప్పిపోయింది. ఆ రెండుసార్లూ నేను కిటికీలోంచి తల పెట్టి "అత్తా!" అని అరిచాను. ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, ఫర్వాలేదు వెళ్లమని రెండో చెయ్యి ఊపింది. ప్లీడరుగారు మా నాన్నగారికి ఆఫీసులో కబురు పెట్టారు, ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని. ఆ సాయంత్రం నాన్నగారు అత్తని కూర్చోబెట్టి చీవాట్లు పెట్టారు. "ఉద్యోగం కావాలన్నావు. ఉద్యోగం అంటే బేగి లేవాల, బేగి బయల్దేరాల. బస్సు దగ్గరకి టైముకి ఎల్లలేకపోతే ఎలాగ?" అన్నారు. అత్త తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ "సరే అన్నయ్యా" అంది. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత పెరట్లో పట్టుకుని అడిగాను, నిజం చెప్పేయొచ్చు కదా, లేదా అవతలి పక్కనే నిలబడొచ్చు కదా అని. "ఊరు ఊరంతా ఆయన మాట మీద పరిగెడతంటే, సొంత చెల్లెల్ని నేను ఎల్లి అవతల నిలబడతానేటే? ఆయన తల ఎక్కడెట్టుకుంటాడు?" అంది.

ఆ చీవాట్లు పడ్డ మూడో రోజున వాన. పొద్దున్న లేచేసరికి పట్టింది, ఆగలేదు. నాన్నగారి సైకిలు గొలుసు తెగిపోయింది. దాన్ని తిట్టి, గొడుగు తీసుకుని, "ఇవాళ మీతో బస్సులో వస్తాను" అన్నారు. అత్తా నేనూ మొహాలు చూసుకున్నాం. ముగ్గురం రోడ్డు దాటి షెల్టరులోకి వెళ్లాం. ఆయన కట్టించాక మొదటిసారి ఆయన అందులో బస్సు కోసం కూర్చోవడం. జనం సర్దుకుని మధ్యలో చోటిచ్చారు. తూర్పు గాలికి జల్లు తిన్నగా లోపలికి కొట్టి ఆయన పంట్లాము మోకాళ్లదాకా తడిసిపోయింది. "గాలివాన కదా, ఏ పక్కనైనా అంతే" అన్నారు తనలో తనే. అంతలో గోడ మూల నుంచి ఆ రోజు వంతు ఉన్న టీచరమ్మ అలవాటు కొద్దీ "వస్తందర్రోయ్!" అని కేక పెట్టింది. పెట్టాక నాలుక కరుచుకుంది గానీ ఆలస్యమైపోయింది. షెల్టరు షెల్టరంతా లేచి పరుగందుకుంది. నాన్నగారు గొడుగు పట్టుకుని "ఎక్కడికర్రా? ఎక్కడికి పరిగెడతన్నారు?" అని అరుస్తూ నిలబడిపోయారు. అవతలి పక్కన బస్సు ఆగింది. జనం తోసుకుని ఎక్కుతున్నారు. నేను ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే ఆయన చెల్లెలు అప్పుడే షెల్టరు మెట్టు దిగుతోంది. కాగితాల సంచీ తడవకుండా పైట కింద పెట్టుకుని, ఒక చెయ్యి మోకాలి మీద ఆన్చి, తడిరోడ్డు మీద అడుగు అడుగు చూసుకుంటూ దాటుతోంది. కండక్టరు రైటన్నాడు. బస్సు కదిలింది.

మా నాన్నగారు పరిగెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే. గొడుగు ఎటో ఎగిరిపోయింది. ఆయన వెళ్లి బస్సుకి ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడ్డారు. బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు తల బయట పెట్టి, "ఏటండీ బాబూ, సావడానికి మా బస్సే దొరికిందేటి?" అని అరిచాడు. "మా చెల్లెమ్మ ఎక్కాల. ఎక్కినాక తీయి" అన్నారు ఆయన, చేతులు దించకుండా. అత్త దాటింది. మెట్టెక్కింది. నేను చెయ్యందుకున్నాను. అత్త బస్సులో కూర్చున్నాక కూడా ఆయన పక్కకి జరగలేదు, డ్రైవరు హారను కొడితే జరిగారు. ఆయన ఎక్కనే లేదు. ఆ రోజు కోర్టు టైముకి ముందే అత్త కాగితాలు బల్ల మీద ఉన్నాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో మాకు నూకాలే చెప్పింది. ఆమె అప్పుడే బస్సు దిగి ఇదంతా చూసిందట. ఒంటరిగా తడుస్తున్న ఆయన్ని షెల్టరులోకి పిలిచి, "బాబూ, ఊరందరికీ తెలిసిన సంగతి మీకొక్కరికే తెల్దు. నేను పై ఊరిదాన్ని, నా ఇంటి గుమ్మం మీరెట్టింది కాదు, నాకేటి భయం? వీళ్లు రోజూ ఇలాగే పరిగెడతన్నారు. మీరు నొచ్చుకుంతారని సెప్పరు. ఆ కుంటి గుంట మీకు సెప్పలేక మీసేత తిట్లు తింతంది" అందట. ఆయన చాలాసేపు అవతలి పక్కకి చూస్తూ కూర్చుని, నడిచి ఆఫీసుకి వెళ్లిపోయారట.

మర్నాడు పొద్దున్న లేచేసరికి మా వరండాలో చెక్కబెంచీ లేదు. మేము బస్సుకి బయల్దేరి వెళ్తే, కాలనీ మొదటి ఇంటి ప్రహరీని ఆనించి, రోడ్డుకి తూర్పు పక్కన ఆ బెంచీ వేసి ఉంది. దాని మీద నాన్నగారు, పడమటి ముఖంగా కూర్చుని ఉన్నారు. ప్రహరీ నీడ చల్లగా పడుతోంది. అలవాటుగా షెల్టరు వైపు దాటబోయిన జనం రోడ్డు మధ్యలో ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. "ఇటు రండర్రా, ఇటు ఎండ నేదు" అన్నారు నాన్నగారు, ఎటో చూస్తూ. ఒక్కొక్కరే వెనక్కి వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. టీచరమ్మ మాత్రం ఉండబట్టలేక "నీడ బాగుందండీ గుమాస్తాగారూ" అంది. అత్త చివరన వచ్చింది. ఆయన కాస్త జరిగారు. అత్త కూర్చుంది.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ప్లీడరుగారు ఇంకొకరిని వెతకలేదు. ఆయన పని మానేసేదాకా అత్తే టైపిస్టు. కంప్యూటర్లు వచ్చాక అదీ నేర్చుకుని కోర్టు ఎదురుగా సొంతంగా షాపు పెట్టుకుంది. మా పెళ్లిళ్లకి అందరికీ చీరలు ఆవిడే పెట్టింది, అమ్మతో సహా. షెల్టరు నూకాలిదీ పిల్లులదీ అయింది. వాస్తు మాత్రం నాన్నగారు మానలేదు, ఇంకా ఇరవై ఇళ్లకి చూశారు. కాకపోతే ఆ తర్వాత ఎవరి ఇంటికి వెళ్లినా ముందు వాళ్లు ఎటునుంచి నడిచి వస్తారో అడిగేవారు.

ఇప్పుడు ఆ రోడ్డు మధ్యలో డివైడరు వచ్చింది. పరిగెత్తి దాటడానికి వీల్లేదు, దాటాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. ఆటో గుమ్మంలోకి వస్తుంది, పిల్లల వ్యాను గేటు ముందు ఆగుతుంది. జీడిచెట్టు ఒక్కటీ లేదు. టాంకు చుట్టూ మూడంతస్తుల ఇళ్లు. ఇది మంచికే. అత్తలాంటి పిల్ల ఎవరైనా ఇవాళ అక్కడ ఉంటే టైముకి ఉద్యోగానికి వెళ్తుంది, ఎవరూ బస్సుకి అడ్డం నిలబడక్కర్లేదు. కానీ ఒక మనిషి నొచ్చుకోకూడదని పదిహేనుమంది ఏడాది పాటు రోడ్డు మీద పరిగెత్తిన కాలం నాకు బాగుండేది. అది తెలివితక్కువతనమే. అందులో ఎంత ప్రేమ ఉందో అప్పుడు తెలియలేదు.

షెల్టరు కబురు విన్న వారానికి నర్సీపట్నం వెళ్లాను. నాన్నగారు లేరు, అత్త ఉంది. అదే కాలనీలో, తన సంపాదనతో కట్టుకున్న ఇంట్లో. నాకు ఎప్పటినుంచో అడగాలని ఉన్న మాట అడిగాను. ఆ పొద్దున్న బెంచీ మీద పక్కన కూర్చున్నప్పుడు నాన్నగారు ఏమన్నారు, తిట్టినందుకు ఏమైనా అన్నారా అని.

"ఏటీ అన్లేదే. నేనూ అన్లేదు" అంది అత్త. "ఆ బెంచీ ఎత్తు కదా, కుడికాలు ఆనింది గాని ఎడంకాలు ఆన్లేదు, ఏలాడతంది. అన్నయ్య అటే సూశాడు. బస్సొచ్చింది, ఎల్లిపోయినాను. మర్నాడెల్లి కూకుంటే ఎడంకాలి కింద ఒక ఇటుకుంది."

"రోజూ ఉండేదా?"

"ఎవరైనా ఎత్తుకుపోతే మర్నాటికి ఇంకోటి ఉండేది. ఎవరెడతన్నారని నేను అడగనూ లేదు, ఆయన సెప్పనూ లేదు" అని, అత్త నా వైపు చూడకుండా కాలు మీద చీర సర్దుకుంది.